ఆంటోనియో డి టోరెస్

ఆంటోనియో డి టోరెస్ హురాడో (1817 జూన్ 13 – 1892 నవంబరు 19) స్పెయిన్ దేశానికి చెందిన ప్రసిద్ధ గిటారు నిర్మాత. వడ్రంగిగా జీవితం ప్రారంభించిన ఈయన, నేడు శాస్త్రీయ గిటారుగా వ్యవహరించే వాద్యానికి స్థిరమైన రూపం ఇచ్చాడు. ఈయన అనుసరించిన కొలతలు, పైపలక అడుగున విసనకర్ర ఆకారంలో అమర్చిన పట్టీలు తరువాతి నిర్మాతలకు ఒరవడి అయ్యాయి. గిటారు నాదానికి పైపలకే మూలమని ఈయన నమ్మకం. దానిని నిరూపించడానికి 1862లో పక్కలు, వెనుక భాగం అట్టతో ఉన్న గిటారును తయారుచేశాడు. ఎంత పేరు వచ్చినా గిటారు పని ఈయనకు ఎల్లకాలం జీవనోపాధి కాలేదు. కొన్ని సంవత్సరాలు ఆ పనిని పక్కన పెట్టి పింగాణీ, గాజు సామాను దుకాణం నడుపుకున్నాడు.

బాల్యం, వడ్రంగం

టోరెస్ దక్షిణ స్పెయిన్‌లోని అల్మెరియా పట్టణానికి సమీపంలో ఉన్న లా కన్యాడ డి శాన్ ఉర్బానో అనే ఊరిలో జన్మించాడు. తండ్రి హువాన్ టోరెస్ పన్నులు వసూలు చేసే ఉద్యోగి. తల్లి పేరు మరియా హురాడో. పన్నెండవ ఏట టోరెస్ వడ్రంగం నేర్చుకోవడానికి పనిలో చేరాడు. రంపం, ఉలి, చిత్రిక చేతికి అలవాటైనది ఈ వయసులోనే. కొయ్య నార ఏ వైపుకు సాగుతుందో చూసి చిత్రిక పట్టడం, రెండు పలకల అంచులను వెలుతురు దూరనంత సరిగా కలపడం వడ్రంగంలో తొలి పాఠాలు. వాద్య నిర్మాణానికి పునాది కూడా ఇవే.

1833లో స్పెయిన్‌లో రాచరిక వారసత్వం కోసం అంతర్యుద్ధం మొదలైంది. టోరెస్‌ను సైన్యంలోకి తీసుకున్నారు. తండ్రి ప్రయత్నాల వలన శారీరకంగా పనికిరాడన్న కారణంతో అతనిని విడిచిపెట్టారు. పెళ్లికాని వారిని, పిల్లలు లేని విధురులను మాత్రమే సైన్యానికి పిలుస్తున్న కాలమది. అందువలన కుటుంబం వారు 1835లో అతనికి హడావుడిగా వివాహం జరిపించారు. వధువు హువానా మరియా లోపెజ్ ఒక దుకాణదారు కుమార్తె. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాలు.

వీరికి ముగ్గురు పిల్లలు కలిగారు. వారిలో చిన్నవారిద్దరూ మరణించారు. వడ్రంగం మీద వచ్చే ఆదాయం సంసారానికి చాలక టోరెస్ తరచు అప్పులపాలయ్యాడు. 1845లో భార్య 23 సంవత్సరాల వయసులో క్షయవ్యాధితో మరణించింది.

గిటారు పనిలో ప్రవేశం

టోరెస్ గిటారు తయారీని ఎవరి వద్ద నేర్చుకున్నాడన్న విషయంలో స్పష్టమైన ఆధారాలు లేవు. 1842 ప్రాంతంలో గ్రనడా నగరంలో హోసే పెర్నాస్ అనే నిర్మాత వద్ద కొంతకాలం పని చేసి ఉంటాడని భావిస్తున్నారు. తరువాత సెవిల్లె నగరానికి చేరుకుని మాన్యుయెల్ సోటో ఇ సొలారెస్ అనే మరొక నిర్మాతతో కలిసి ఒకే పనిశాలలో పనిచేశాడు. సెవిల్లెలో అతని చిరునామా సెరహెరియా వీధి.

1840లలో కొన్ని గిటార్లు చేసినా అప్పటికి అది అతని ప్రధాన వృత్తి కాదు. ప్రముఖ గిటారు విద్వాంసుడు, స్వరకర్త హులియన్ అర్కాస్ (1832–1882) ప్రోత్సాహంతో 1850లలో పూర్తిగా ఈ పనికి అంకితమయ్యాడు. అర్కాస్ కూడా అల్మెరియా ప్రాంతం వాడే. వాద్యం వినేవారికి ఎలా చేరాలో వాయించేవాడిగా అర్కాస్ చెప్పగా, ఆ మాటలను టోరెస్ కొయ్యలో పరీక్షించి చూసేవాడు. 1856లో తయారైన లా లియోనా అనే గిటారు ఈ స్నేహానికి ఫలం. ఆ పేరుకు ఆడసింహం అని అర్థం. దీనిని అర్కాస్ కచేరీలలో వాయించాడు. 1858లో సెవిల్లెలో జరిగిన ప్రదర్శనలో టోరెస్ గిటారుకు పతకం లభించింది.

గిటారు నిర్మాణంలో మార్పులు

టోరెస్ కంటే ముందున్న గిటారు చిన్నది. గదిలో కూర్చున్న నలుగురికి వినిపించేది గాని పెద్ద సభలో వెనుక వరుసలకు చేరేది కాదు. పియానో ప్రాబల్యం పెరుగుతున్న ఆ కాలంలో గిటారు వెనుకబడడానికి ఇది ఒక కారణం. టోరెస్ చేసిన ప్రధానమైన మార్పులు ఇవి:

పెట్టె పరిమాణం: పెట్టెను, ముఖ్యంగా దాని కింది భాగాన్ని, వెడల్పు చేశాడు. దీనివలన కంపించే పైపలక వైశాల్యం పెరిగింది.

తీగ పొడవు: మెడ పైకొస నుండి బ్రిడ్జి వరకు కంపించే తీగ పొడవు సుమారు 650 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. నేటికీ శాస్త్రీయ గిటారుకు ఇదే సాధారణమైన కొలత.

పైపలక: స్ప్రూస్ కొయ్యతో చేసిన పైపలకను బాగా పలుచన చేశాడు. దానికి స్వల్పమైన ఉబ్బు కూడా కల్పించాడు.

పట్టీలు: పలుచని పలక తీగల లాగుడుకు వంగిపోకుండా దాని అడుగున ఏడు సన్నని పట్టీలను విసనకర్ర పుల్లల వలె అమర్చాడు. విసనకర్ర పట్టీలను మొదట వాడినది టోరెస్ కాదు. 18వ శతాబ్దంలోనే సెవిల్లెలో ఫ్రాన్సిస్కో సాంగినో, కాడిజ్‌లో హువాన్ పాహెస్, హోసే బెనెడిడ్ వంటివారు వీటిని ఉపయోగించారు. పెద్ద పెట్టె, పలుచని పైపలక, పట్టీలు మూడింటినీ ఒకదానికొకటి సరిపోయే విధంగా కూర్చిన ఘనత మాత్రం టోరెస్‌ది.

కొన్ని గిటార్లలో పైపలక రంధ్రానికి లోపలి వైపున లోహపు గొట్టాన్ని కూడా అమర్చాడు. దీనిని స్పానిష్ భాషలో టోర్నవోజ్ అంటారు. తరువాతి నిర్మాతలలో ఇది అంతగా వ్యాపించలేదు.

అట్ట గిటారు

వెనుక పలకకు, పక్కలకు వాడే కొయ్య ఖరీదైనదైతేనే నాదం బాగుంటుందని చాలామంది నమ్ముతారు. టోరెస్ రోజ్‌వుడ్, మేపుల్, సైప్రస్ వంటి పలు రకాల కొయ్యలు వాడాడు. అయితే వాటి పాత్ర రెండవదేనని అతని అభిప్రాయం. 1862లో అతడు పైపలకను మామూలుగానే స్ప్రూస్‌తో చేసి, పక్కలను, వెనుక భాగాన్ని అట్టతో చేశాడు. ఆ గిటారు పలికింది. ఈ వాద్యం ప్రస్తుతం బార్సిలోనాలోని సంగీత ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది.

ఈ ప్రయోగం తరువాతి నిర్మాతలకు ఒక దారి చూపింది. వాద్యం విలువ కొయ్య ధరలో కంటే పైపలక మీద జరిగే పనిలో ఎక్కువగా ఉన్నదని అది తెలిపింది. ఆ పని చాలావరకు చిత్రికతో జరిగేదే.

పైపలక, చిత్రిక

చిత్రికను తోపడ అని కూడా అంటారు. తెలంగాణలో రందా అనే మాట కూడా వాడుకలో ఉంది. వీణ తయారీతో పోల్చి చూస్తే గిటారు పనిలో దీని స్థానం తెలుస్తుంది. బొబ్బిలి వీణను పనసకొయ్య దుంగ నుండి తొలుస్తారు. ఏకాండి వీణలో కుండ, దండి అన్నీ ఒకే కొయ్యలో నుండి వస్తాయి. అక్కడ పెద్ద పని బాడిసెది, ఉలిది. గిటారును మాత్రం పలుచని పలకలను అతికి పెట్టెగా కూర్చుతారు. అందువలన పలక మందాన్ని నిర్ణయించే చిత్రికకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ.

శాస్త్రీయ గిటారు పైపలక మందం సాధారణంగా 2 నుండి 2.5 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. పలక వంగకుండా నిలిచే గట్టిదనం దాని మందం యొక్క ఘనానికి అనులోమంగా మారుతుంది. 2.5 మిల్లీమీటర్ల పలక నుండి 0.1 మిల్లీమీటరు పొట్టు తీస్తే మందం 4 శాతమే తగ్గుతుంది, గట్టిదనం మాత్రం 11 శాతానికి పైగా తగ్గుతుంది. పట్టీల విషయంలో కూడా ఇదే సూత్రం. పట్టీ ఎత్తును సగానికి తగ్గిస్తే దాని గట్టిదనం ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. ఒక్క పొట్టు ఎక్కువ తీస్తే తిరిగి అతికించే వీలు లేదు. తక్కువ తీస్తే వాద్యం మూగగా ఉంటుంది. టోరెస్ పైపలకలను కొలిచి చూసినప్పుడు, కొన్నింటిలో మధ్యభాగం కంటే అంచులు పలుచగా ఉన్నట్లు తేలింది. పలక అంతటా ఒకే మందం ఉంచక, ఎక్కడ ఎంత ఉంచాలో చోటును బట్టి నిర్ణయించాడన్నమాట.

చిన్న చిత్రికల ఎంపిక

గిటారు పనిలో ఒకే చిత్రికతో అన్ని పనులూ జరగవు. టోరెస్ కాలంలో ఐరోపా పనిశాలల్లో ఎక్కువగా కొయ్య దిమ్మెతో చేసిన చిత్రికలే వాడుకలో ఉండేవి. అమెరికాలో లియొనార్డ్ బెయిలీ రూపొందించిన ఇనుప చిత్రికలు 1869లో స్టాన్లీ కంపెనీ చేతికి వచ్చిన తరువాత లోకమంతటా వ్యాపించాయి. దిమ్మె ఏదైనా, ఎంపికకు ఆధారమైన అంశాలు మారలేదు.

పొడవు: పైపలకను రెండు సగాలుగా కోసి మధ్యలో అతికిస్తారు. ఈ అతుకు కోసం అంచును తిన్నగా చేయడానికి పొడవైన చిత్రిక కావాలి. పొట్టి చిత్రిక పల్లంలో దిగి, మెట్ట మీద ఎక్కి, ఉన్న వంకరనే అనుసరిస్తుంది. పట్టీలను చెక్కేటప్పుడు దీనికి విరుద్ధం. అతికిన పట్టీల మధ్య ఎడం తక్కువ. అక్కడ పెద్ద చిత్రిక పక్క పట్టీకి తగులుతుంది. అందుకే బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఇమిడే బుల్లి చిత్రికలు వాడతారు. వయొలిన్ తయారీలో కూడా ఇటువంటివే ఉంటాయి.

అడుగు ఆకారం: పట్టీలకు, అంచులకు అడుగు చదునుగా ఉన్న చిత్రిక సరిపోతుంది. లోపలికి పల్లంగా తీయవలసిన చోట, ఉదాహరణకు వయొలిన్ పలకల లోపలి భాగంలో, అడుగు గుండ్రంగా ఉబ్బినది కావాలి. చదునైన చిత్రిక అక్కడ రెండు కొసల మీద నిలిచి, బ్లేడు కొయ్యను తాకదు.

బ్లేడు కోణం: మామూలు చిత్రికలో బ్లేడు సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. కొయ్య అడ్డు కొసలను కోయడానికి తక్కువ కోణం మేలు. బ్లేడును 12 డిగ్రీల వాలులో, సాన పట్టిన ముఖం పైకి ఉండేటట్లు అమర్చి, 25 డిగ్రీలకు సాన పడితే కోత కోణం 37 డిగ్రీలు అవుతుంది. మేపుల్ వంటి మెలికల నార గల కొయ్యకు 50 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ కోణం వాడతారు. తక్కువ కోణంతో అటువంటి కొయ్యను పడితే నార చీలి పైకి లేస్తుంది.

పళ్ల బ్లేడు: చీలిపోయే స్వభావం గల పలకలను పలుచన చేయడానికి సన్నని పళ్లున్న బ్లేడును దాదాపు నిట్టనిలువుగా బిగించిన చిత్రిక ఉంటుంది. ఇది పొట్టును సన్నని దారాలుగా తీస్తుంది. మిగిలిన గీతలను తరువాత మామూలు చిత్రికతో, గీకే ఉక్కు రేకుతో పోగొడతారు.

నోరు: బ్లేడు ముందున్న సందును నోరు అంటారు. నోరు ఇరుకుగా ఉంటే బ్లేడుకు ముందున్న కొయ్యను అడుగు భాగం నొక్కి ఉంచుతుంది. నార లేవదు, పొట్టు పలుచగా వస్తుంది.

బరువు, పట్టు: చిత్రిక మరీ తేలికైతే గట్టి కొయ్య మీద అదురుతుంది. మరీ బరువైతే పలుచని పలక మీద చేతికి స్పర్శ తెలియదు. రెండు వేళ్లతో పట్టుకున్నప్పుడు బ్లేడు ఎంత కోస్తున్నదో తెలియాలి. ఇవన్నీ సరిగా ఉన్నా బ్లేడు పదునుగా లేకపోతే ఏ చిత్రికా పని చేయదు.

టారెగాతో పరిచయం

1868లో టోరెస్ హోసెఫా మార్టిన్ రొసాడాను ద్వితీయ వివాహం చేసుకున్నాడు. ఆ మరుసటి సంవత్సరం ఫ్రాన్సిస్కో టారెగా గిటారు కొనడానికి సెవిల్లెకు వచ్చాడు. అప్పటికి టారెగా పదిహేడేళ్ల యువకుడు. తరువాతి కాలంలో గిటారు వాద్య చరిత్రలో ముఖ్యుడిగా పేరొందాడు. టోరెస్ మొదట ఒక మామూలు గిటారును చూపించాడు. టారెగా వాయించగా విని, తన కోసం 1864లో చేసుకున్న గిటారును తెచ్చి ఇచ్చాడు. దాని పక్కలు, వెనుక పలక మేపుల్ కొయ్యవి. టారెగా దాదాపు ఇరవై సంవత్సరాలు ఆ గిటారునే ప్రధానంగా వాయించాడు. టోరెస్ పేరు స్పెయిన్ అంతటా తెలియడానికి టారెగా కచేరీలు, అతని శిష్యులు ముఖ్య కారణం.

విరామం, రెండవ దశ

ఇంత గుర్తింపు వచ్చిన సమయంలోనే, 1870 ప్రాంతంలో టోరెస్ సెవిల్లెలోని పనిశాలను మూసివేశాడు. భార్యతో అల్మెరియాకు తిరిగి వెళ్లి రియల్ వీధిలో పింగాణీ, గాజు సామాను దుకాణం తెరిచాడు. 

సుమారు ఐదు సంవత్సరాల తరువాత, 1875లో, దుకాణం నడుపుతూనే తీరిక సమయాల్లో మళ్లీ గిటార్లు చేయసాగాడు. అప్పటినుండి తన గిటార్ల లోపల అతికించిన చీటీల మీద రెండవ దశ అని ముద్రించుకున్నాడు. అందుచేత చరిత్రకారులు ఈయన పనిని రెండుగా విభజిస్తారు. 1852 నుండి 1869 వరకు మొదటి దశ, 1875 నుండి 1892 వరకు రెండవ దశ. 1883లో రెండవ భార్య కూడా మరణించింది. ఆ తరువాత టోరెస్ గిటారు పనికి ఎక్కువ సమయం కేటాయించి, సంవత్సరానికి పన్నెండు వరకు వాద్యాలు తయారుచేశాడు.

వృద్ధాప్యంలో చేతులకు పూర్వపు నిలకడ తగ్గింది. స్థానిక మతాచార్యుడు హువాన్ మార్టినెజ్ సిర్వెంట్ పనిశాలకు వచ్చి సాయపడేవాడు. టోరెస్ చివరి సంవత్సరాలను గురించి తెలిసిన వివరాలలో చాలా భాగం సిర్వెంట్ 1931లో రాసిన లేఖ వలన లభించినవే. 1892 నవంబరు 19న, 75 సంవత్సరాల వయసులో టోరెస్ అల్మెరియాలో మరణించాడు.

రహస్యం గురించిన కథనం

టోరెస్ పైపలకల పని చేసేటప్పుడు తలుపు వేసుకునేవాడని, ఇంటివారిని కూడా రానిచ్చేవాడు కాదని చెబుతారు. దానివలన ఆయన వద్ద ఏదో రహస్యం ఉన్నదని ప్రచారం జరిగింది. సిర్వెంట్ కథనం ప్రకారం, ఒక విందులో ఆ రహస్యాన్ని తనతోనే పోనీయవద్దని కొందరు ఆయనను కోరారు. అది తనతో పోక తప్పదని టోరెస్ బదులిచ్చాడు. పలకను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకుని తడిమినప్పుడు అది సరైన మందానికి వచ్చిందో లేదో వేలికొసలకు తెలుస్తుందని, ఆ తెలివిని మాటల్లో చెప్పి మరొకరికి ఇవ్వడం సాధ్యం కాదని ఆయన వివరించాడు.

ఈ కథనంలో పనికి సంబంధించిన వాస్తవం ఉంది. ఒకే చెట్టు నుండి వచ్చిన రెండు పలకలు కూడా గట్టిదనంలో సమానంగా ఉండవు. ఒక మంచి గిటారు పైపలక కొలతలను మరొక పలక మీద యథాతథంగా వాడితే అదే నాదం వస్తుందన్న నమ్మకం లేదు. పలకను వంచి, తట్టి, తడిమి చూసి చిత్రికను ఎక్కడ ఆపాలో ప్రతిసారీ నిర్ణయించుకోవలసిందే. కొలిచే సాధనాలు ఎన్నో వచ్చిన నేటికీ చేతిపనిగా గిటార్లు చేసేవారు ఈ పద్ధతిని వదలలేదు.

ప్రభావం

టోరెస్ తనకంటూ శిష్యపరంపరను తయారుచేయలేదు. అయినా ఆయన వాద్యాలే పాఠాలయ్యాయి. మాడ్రిడ్‌లో మాన్యుయెల్ రామిరెజ్, జర్మనీలో హెర్మన్ హౌజర్ వంటి నిర్మాతలు టోరెస్ పద్ధతిని అనుసరించారు. 20వ శతాబ్దంలో గిటారును ప్రపంచ కచేరీ వేదికల మీదకు తీసుకువెళ్లిన ఆండ్రెస్ సెగోవియా, 1912లో రామిరెజ్ పనిశాలలో తయారైన గిటారును, ఆ తరువాత హౌజర్ 1937లో చేసిన గిటారును వాయించాడు. టారెగా శిష్యుడు మిగేల్ యోబెట్ టోరెస్ 1859లో చేసిన గిటారును వాయించాడు.

టోరెస్ జీవితం మీద సమగ్రమైన పరిశోధన చేసినవాడు హోసే రోమనిల్యోస్. ఆయన కూడా పేరొందిన గిటారు నిర్మాతే. ఆయన గ్రంథం 1987లో వెలువడింది. టోరెస్ మొత్తం సుమారు 320 గిటార్లు చేసి ఉంటాడని ఆ పరిశోధనలో అంచనా వేశారు. వాటిలో 88 గిటార్ల ఆచూకీ మాత్రమే దొరికింది. 2013లో అల్మెరియాలో టోరెస్ పేరిట గిటారు ప్రదర్శనశాలను నెలకొల్పారు. జీవనం గడవక గిటారు పనిని వదిలి ఆయన దుకాణం పెట్టుకున్న పట్టణం అదే.